నాలుక్కీ అయిదుకీ మధ్య

లిఫ్టు ఆగింది. కుదుపేమీ లేదు, పెద్ద చప్పుడేమీ లేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ అనకూడనిదేదో నోటిదాకా వచ్చి చప్పున మింగేసుకున్న మనిషిలా ఆగింది. ఆ ఆగిన తీరులోనే అతనికి అంతా తెలిసిపోయింది, ఏది తెగిందో, ఎక్కడ తెగిందో, ఎవరి వల్ల తెగిందో. కుడి అరచెయ్యి ఇంకా తలుపు మీదే ఉంది. దాన్ని మెల్లిగా తీసి జేబులో పెట్టుకున్నాడు, అక్కణ్ణుంచి ఏదో దొంగిలించి దాచుకుంటున్నట్టు. ఏ లిఫ్టెక్కినా తలుపు మీద చెయ్యి వేసి కాస్త నొక్కి చూడడం, ఎంత వదులుందో, ఎంత ఆడుతోందో వేళ్ళతో వినడం, పని నేర్పిన మేస్త్రి అతని ఒంట్లోకి ఎక్కించిన అలవాటు. నాడి చూసినట్టు చూడాలిరా, అనేవాడు మేస్త్రి. అక్కడ, తన ఊళ్ళో, తను బిగించిన తలుపులు ఎంత నొక్కినా చలించేవి కావు. ఇక్కడ ఈ తలుపు వెంట్రుకవాసి పక్కకి జరిగింది. తలుపులు మూసుకుని ఉన్నాయని నమ్మితేనే లిఫ్టు కదులుతుంది, ఆ నమ్మకం ఒక్క క్షణం చెదిరినా ఉన్నచోటే నిలబడిపోతుంది. ఇలాంటి పాత రకం అయితే మళ్ళీ తనంతట తాను నమ్మదు కూడా, ఎవరో పైన మెషీన్ రూములోకి వెళ్ళి నచ్చచెప్పాలి. ప్రపంచంలో లిఫ్టెక్కి అద్దంలో జుట్టు సవరించుకునేవాళ్ళున్నారు, ఫోను చూసుకునేవాళ్ళున్నారు, నేల చూపులు చూసేవాళ్ళున్నారు. కదులుతున్న లిఫ్టు తలుపుని నొక్కి చూసే వెధవ తనొక్కడే. అదీ ఇవాళ. అదీ ఈ లిఫ్టులో. పైన తొమ్మిదో అంతస్తులో ఒకాయన కూర్చుని తన కోసం ఎదురుచూస్తున్నప్పుడు.

"ఏమైంది నాయనా?" అంది పక్కనున్న పెద్దావిడ.

"ఆగిందమ్మా."

"ఆగిందని నాకూ తెలుస్తోందిలే. ఎందుకాగిందంటున్నా."

"ఏమో అమ్మా," అన్నాడు.

ఆమె తలుపు పక్కన ఉన్న ఎర్ర మీట నొక్కింది, ఇంట్లో దీపం వేసుకున్నంత అలవాటుగా. ఎక్కడో కింద గంట మోగింది. కాసేపటికి గోడలోని చిల్లుల రేకులోంచి కాపలావాడి గొంతు గరగరలాడింది. ఎవరు లోపల అన్నాడు. నేనేరా అంది ఆమె. "నువ్వా పిన్నీ! మళ్ళీ పైకి బయల్దేరావా? నిన్ననే చెప్పాడుగా సారు, కుదరదని!" "నా సంగతి సారు చూసుకుంటాడు గానీ, ముందు లిఫ్టు సంగతి నువ్వు చూడు." "మెకానిక్కుకి ఫోన్ చేస్తున్నా. ఊరికి ఆ కొసన ఉంటాడు వాడు. గంట పట్టుద్ది, కూర్చో." "నీ వేళాకోళాలు మానవు గదా. కూర్చోక ఏం చేస్తాను, ఎగురుతానా?" అంది ఆమె. చేతిలోని గుడ్డసంచీని నేల మీద పెట్టి, మోకాళ్ళు పట్టుకుని, గోడకి జారగిలబడి నిజంగానే కూర్చుంది.

గంట. అతను ఫోను తీసి చూశాడు. ఇనుప పెట్టెలో సిగ్నలు ఎక్కడుంటుంది. మధ్యాహ్నానికల్లా లాడ్జి గది ఖాళీ చెయ్యాలి. ఖాళీ చెయ్యాలి ఏమిటి, పొద్దున్నే చేసేశారు. లాడ్జి వాడు మంచివాడే, కేకలు వెయ్యలేదు, వచ్చే వారానికి డబ్బు కడతారా లేదా అని మాత్రం అడిగాడు. కట్టలేమని భార్యే చెప్పింది, అతని బదులు, అతను నోరు తెరిచేలోగా. ఇప్పుడు ఆమె లాడ్జి వాకిట్లోని బల్ల పక్కన, అన్నిటికన్నా పెద్ద సంచీ మీద కూర్చుని ఉంటుంది. బల్ల ఖాళీగానే ఉన్నా సంచీ మీదే కూర్చుంటుంది, తను లేవనంతవరకూ దాన్ని ఎవరూ బయట పెట్టలేరన్నట్టు. పిల్ల పక్కన నిలబడి గోడ మీది పటాలన్నీ చదువుతూ ఉంటుంది. పిచ్చుక అని పిలుస్తారు దాన్ని, ఒకచోట నిలవదని. ఈ ఊరొచ్చాక నిలుస్తోంది. అదే భయంగా ఉంది. ఏదైనా కొనమని అడిగి ఎన్నాళ్ళయిందో. ఏడేళ్ళ పిల్ల దుకాణం ముందునుంచి పోతూ తలతిప్పుకుంటే ఆ తిప్పుకోవడం చూడాల్సింది తండ్రే. నిన్న ఆ పిల్ల ఒకటే అడిగింది, నాన్నా, మన ఇల్లు ఏది అని. ఇది లాడ్జి కదా, మన ఇల్లు ఏది. భార్య చప్పున స్నానాలగదిలోకి వెళ్ళి పంపు తిప్పింది. నీళ్ళ చప్పుడు చాలాసేపు వచ్చింది.

ఇక్కడి మేడలు చూసే వచ్చారు. దానికి ఎవరినీ అనడానికి లేదు. తోడల్లుడి ఫోనులో చూశాడు మొదట, బీచి దగ్గర దిగిన ఫోటోలో, నలుగురు నవ్వుతున్న మొహాల వెనక, ఆకాశం అంచు పొడుగునా పళ్ళచక్రంలా లేచిన మేడలు. మొహాలు చూడలేదు అతను. మేడలు చూశాడు. ఇన్ని మేడలుంటే ఇన్ని లిఫ్టులుంటాయి, ఇన్ని లిఫ్టులుంటే నాకు పని లేకుండా పోతుందా? ఆ లెక్క ఎంత తేలిగ్గా కుదిరిందంటే, అంత తేలిగ్గా కుదిరిన లెక్కని రెండోసారి చూడాలనిపించలేదు. తమ ఊళ్ళో అతను పనిచేసే లిఫ్టు కంపెనీ శాఖ మూసేసి మూడు నెలలయింది అప్పటికి. ఉన్న కాసిని లిఫ్టులకీ వేరే ఊరి నుంచి బండి మీద ఒకడొచ్చి వెళ్తున్నాడు. తోడల్లుడు ఫోనులో, "వచ్చెయ్యి అన్నయ్యా, ఇక్కడ పనికి కొదవేంటి, నేనున్నాగా," అన్నాడు. నేనున్నాగా. రాత్రి భార్య ఒక్కటే అడిగింది, పని చూసుకుని వెళ్దామా, వెళ్ళి చూసుకుందామా అని. వెళ్ళి చూసుకుందాం, ఇక్కడ కూర్చుని అడిగితే ఎవడిస్తాడు అన్నాడు. ఆ మాట అన్న గొంతు తనదేనా అని ఇప్పుడు అనుమానం. మగాడి గొంతు అది, సినిమాలో కండువా విదిలించే గొంతు. బతుకంతా ప్రతి తలుపునీ నొక్కి చూసి గానీ మనుషుల్ని ఎక్కనివ్వనివాడు, లిఫ్టు తీగ పోగు పోగునీ చేత్తో తడిమి చూసేవాడు, ఒకే ఒక్కసారి, పెళ్ళాన్నీ పిల్లనీ చెయ్యి పట్టుకుని, ఏదీ నొక్కి చూడకుండా అడుగేశాడు. అప్పుడెంత బాగుందో కూడా గుర్తుంది. రైలు కదిలాక కడుపులో అదోలా తేలిపోయింది. భయం అనుకోలేదు దాన్ని. స్వేచ్ఛ అనుకున్నాడు.

"నీళ్ళు తాగుతావా?" అంది పెద్దావిడ, సంచీలోంచి సీసా తీసి.

"వద్దమ్మా, మీరుంచుకోండి."

"ఏం, గాలి చాలదేమో, నీళ్ళు చాలవేమో అని దాచమంటావా?"

"గాలి అయిపోదమ్మా. లిఫ్టులో గాలాడక పోయినవాళ్ళెవరూ లేరు. భయపడి తలుపు తీసుకుని దూకబోయినవాళ్ళే పోయారు."

ఆమె సీసా మూత తిప్పడం ఆపి అతని వంక చూసింది. అతను నాలిక్కరుచుకున్నాడు. పైకి చూశాడు, దీపం కప్పులో చచ్చిన పురుగులున్నాయి.

తోడల్లుడు రెండు రాత్రులు హాల్లో పడుకోనిచ్చాడు. మూడోరోజు పొద్దున్న, మా ఆవిడకి ఒంట్లో బాగుండదు అన్నయ్యా అన్నాడు, ఆవిడ వంటింట్లో పళ్ళేలు ఎత్తి కుదేస్తుంటే. అంత బాగున్న ఒంటితో ఆ చప్పుడు ఇంకెవరూ చెయ్యలేరు. అప్పుడు నవ్వొచ్చింది కూడా. వీధిలోకి వచ్చాక భార్యా తనూ సంచీలు దించి నవ్వుకున్నారు, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా, అప్పటికింకా నవ్వడానికి ఏదో మిగిలి ఉంది. తర్వాత కంపెనీలు. ఒకటి తర్వాత ఒకటి అన్నీ ఒకే కంపెనీలా ఉంటాయి, గాజు తలుపు, కుర్చీలో అమ్మాయి, లోపల ఒకడు. లైసెన్సు చూసి, ఇది అక్కడిది కదండీ అంటాడు. అక్కడిదే, ఈ చేతులూ అక్కడివే, అక్కడి తీగలూ ఇక్కడి తీగలూ ఒకే కొలిమిలోంచి వస్తాయి, కానీ ఆ మాట అనలేదు ఎక్కడా. ఈ రాష్ట్రంలో అది చెల్లదండీ. ఆరు నెలలు మా మనిషి కింద చేసి పరీక్ష రాయాలి. జీతం ఎంతుంటుందండీ అంటే, అది ట్రైనింగే కదండీ అని నవ్వుతాడు, చిన్నపిల్లాడు అడగరానిది అడిగినట్టు. సరిహద్దు ఎక్కడ దాటారో రైల్లో తెలియలేదు. రాత్రి, అందరూ నిద్రలో ఉన్నారు. ఆ గీత మీదుగా పెట్టె దొర్లిన క్షణంలో తన చేతుల్లోని పని చచ్చిపోయింది, చప్పుడు లేకుండా. ఇక ఇళ్ళు. గది కావాలంటే పని చేసే చోటి కాగితం చూపించమంటారు. పని కావాలంటే ఉండే చోటి కాగితం చూపించమంటారు. ఆ రెంటి మధ్యా నలుగుతూ ఎన్నాళ్ళు నడిచాడో. ఒక ఇల్లుగలావిడ తలుపు సగమే తీసి, మీకు ఏమీ లేదు, ఎందుకొచ్చారు మరి ఇక్కడికి అంది. తిట్టలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. దానికి జవాబు ఇప్పటికీ వెతుకుతున్నాడు.

మొన్న ఫోనులో ఈ బిల్డింగు మేనేజరు గొంతు వినేసరికి నెత్తిన పాలు పోసినట్టయింది. బిల్డింగు చూసుకునే మనిషి కావాలి, పంపు, జనరేటరు, దీపాలు, ఎవరింట్లోనైనా నీళ్ళు కారితే చూడడం. లైసెన్సు గట్రా అక్కర్లేదు. రాత్రీపగలూ ఉండాలి కాబట్టి కింద గది కూడా ఉంది, అది ఖాళీ అవుతోంది. భార్యకి చెప్పినప్పుడు ఆ ఆఖరి ముక్క రెండుసార్లు చెప్పించుకుంది. ఖాళీ అవుతోందా? అవుతోందట. పని, గది, ఒకే తాడుకి రెండు ముళ్ళూ ఒకేసారి విడిపోతున్నాయి. పొద్దున్న ఆమె అతని చొక్కాని లాడ్జి బల్ల మీద పరిచి నీళ్ళు చిలకరించి చేత్తోనే ఇస్త్రీ చేసింది, ముడత మీద అరచెయ్యి పెట్టి ఒంటి బరువంతా వేసి, చాలాసేపు. "మొహమాటపడకు," అంది. "నువ్వు మంచివాడివే, నాకు తెలుసు. కానీ ఇవాళొక్కరోజు మొహమాటపడకు." అలా ఎప్పుడూ అడగలేదు ఆమె. పెళ్ళయిననాటి నుంచీ అతని మెతకదనాన్ని నలుగురిలో సమర్థించుకుంటూ వచ్చింది, మా ఆయనకి నోరు లేదండీ అని, అదో నగ అయినట్టు.

"అయితే నాయనా, ఎవరింటికి పైకి?"

"తొమ్మిదో అంతస్తులో ఒకాయన్ని కలవాలమ్మా."

"తొమ్మిదిలో ఆఫీసు ఒకటేగా ఉంది. సారునా?"

"ఆఁ."

"నేనూ అక్కడికే." సంచీ మూతి విప్పి చూపించింది. నీలం రంగు చొక్కాలు, ఇస్త్రీ చేసి, చేతులు వెనక్కి మడిచి, దొంతర. "మా ఆయనవి. కంపెనీ బట్టలు కంపెనీకి ఇచ్చెయ్యమన్నారు. ఈ బిల్డింగు లేచిన్నాటి నుంచీ ఆయనే చూసుకున్నాడు. చలికాలంలో పోయాడు. పోయిన మర్నాడు పై అంతస్తావిడ వచ్చి, అయ్యో పాపం, మరి మా గీజరో అంది." ఆమె నవ్వింది. పళ్ళు కొన్ని లేవు. "చొక్కాలివ్వడం వంక లే. అడగడానికి పోతున్నా. నాలుగోసారి. ఎవణ్ణో కొత్తవాణ్ణి పెడుతున్నారట, వాడొస్తే గది వాడికివ్వాలిగా. నేను పోనని అన్నానా? ఒక్క నెల ఆగమన్నాను."

ఒంట్లో ఎక్కడో ఒక తీగ పోగు పుటుక్కుమంది. బయటికేమీ కనిపించి ఉండదు. తీగ కూడా అంతే, ముందు లోపలి పోగు తెగుతుంది, పైన నిగనిగలాడుతూనే ఉంటుంది. ఖాళీ అవుతోంది. గది ఖాళీ అవుతోంది. గదులు వాటంతటవే ఖాళీ అవుతాయా, మబ్బు తేలిపోయినట్టు? ఆ మాట విన్నప్పుడు తనకి ఎందుకు తట్టలేదు, అందులో ఒక మనిషి ఉంటుందని? తట్టలేదు కాదు. తట్టనివ్వలేదు. భార్య రెండుసార్లు అడిగినప్పుడు ఆమెకీ ఏదో తట్టబోయి ఉంటుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఆ రాత్రి సంచీలు సర్దారు.

"ఒక్క నెలేనా?" అన్నాడు.

"మా చెల్లెలి కొడుకున్నాడు. వాడి పెళ్ళాం పురిటికి అత్తగారొచ్చి ఉంది వాళ్ళింట్లో. ఉన్నది ఒకటిన్నర గది. నెల తర్వాత ఆవిడెళ్ళిపోతుంది, అప్పుడు రా పెద్దమ్మా అన్నాడు. వాడు మాత్రం ఏం చేస్తాడు? ఈ ఊళ్ళో మంచం వెయ్యాలంటే గోడనడగాలి." మోకాలు రాసుకుంది. "పెద్ద రాజభవనమేం కాదులే నాది. మెట్ల కింద, పంపు పక్కన. పంపు వేస్తే గోడంతా వణుకుతుంది. కొత్తలో నాకు నిద్రే పట్టేది కాదు. ఇప్పుడది ఆగిపోతే మెలకువొస్తుంది."

"కిటికీ ఉందా?"

అడిగేశాక గానీ తను అడిగాడని తెలియలేదు.

"ఉంది. పళ్ళెమంత. ఏం?"

"ఊరికేనమ్మా." కానీ పళ్ళెమంత కిటికీలోంచి వెలుతురు పడడం మొదలుపెట్టింది అప్పటికే, ఆ వెలుతురు కింద పిచ్చుక బొమ్మలు వేసుకుంటోంది, వణికే గోడకి ఎదురుగోడ వైపు మంచం జరపాలి, పిల్ల ఉలిక్కిపడకుండా, తలుపు వెనక మేకులు కొడితే సంచీలు తగిలించుకోవచ్చు, స్టవ్వు ఎక్కడ పెడుతుందో భార్య, పొగ పోవడానికి పంపుగది వైపు సందుంటుందా. వద్దు వద్దనుకుంటూనే గది నింపుకుంటున్నాడు. ఎదురుగా కూర్చున్న మనిషి గదిలోంచి ఒక్కో సామానూ బయట పెడుతూ, ఆమె నోటితోనే ఆమెని ఖాళీ చేయిస్తున్నాడు. ఆపలేకపోతున్నాడు. ఆకలితో ఉన్నవాడి ముందు ఎవరో భోజనం గురించి చెబుతున్నట్టుంది. నీళ్ళకి ఇబ్బందేమైనా, అని కూడా నోటిదాకా వచ్చింది. పళ్ళు బిగబట్టి మింగాడు.

మేస్త్రి ఉంటే ఏమనేవాడు? లోపలున్నవాడు తలుపు తియ్యకూడదురా, ఎంత తెలిసినవాడైనా సరే, అనేవాడు. లోపలున్నప్పుడు నువ్వు మెకానిక్కువి కాదు, ఎక్కినవాడివి. పైన కొక్కెం ఎక్కడుంటుందో అతనికి తెలుసు, వేళ్ళు దూర్చి ఎత్తితే తలుపు విడిపోతుంది. కాళ్ళ కింద అగాధం ఎంత లోతో కూడా తెలుసు. ఎప్పుడూ బయటే ఉండి తీసినవాడు, లోపల కూర్చోవడం ఇదే మొదలు. ఇంతమంది ఇన్నిసార్లు ఇలా కూర్చున్నారు తను వచ్చేదాకా, వస్తున్నా అని టీ ముగించుకుని మరీ వెళ్ళిన రోజులున్నాయి, వాళ్ళంతా ఈ గంటలో ఏమాలోచించి ఉంటారు? కొందరు తిట్టేవారు. కొందరు నవ్వుతూ దిగేవారు. ఒకావిడ బయటికొచ్చి అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ చేతిలో ఎంత వేడి ఉందో, ఇప్పుడు, ఈ పెట్టెలో, ఇంకో రాష్ట్రంలో, మళ్ళీ తగిలింది. భార్య ఫోను చేస్తూ ఉంటుంది. మోగదు. పని కుదరలేదు, మొహం చెల్లక ఎత్తడం లేదు అనుకుంటుంది. లాడ్జి వాడు గడియారం వంక చూస్తూ ఉంటాడు, మంచివాడు కాబట్టి ఏమీ అనకుండా. మేనేజరు వేరే ఎవడితోనో మాట్లాడుతూ ఉంటాడు. వాడు మెట్లెక్కి వచ్చి ఉంటాడు, ఆయాసపడుతూ, వాడికీ పెళ్ళాం పిల్లలుంటారు, వాడు కిటికీ గురించి అడగడు. అడగకుండానే తీసుకుంటాడు. ఎవడో ఒకడు తీసుకుంటాడు. తను తీసుకోకపోతే ఈమెకి నెల దొరుకుతుందా? దొరకదు. అయితే తనే ఎందుకు కాకూడదు? ఈ ఆలోచన ఎంత చక్కగా అమరిందో చూసి భయమేసింది. మేడలకీ లిఫ్టులకీ లెక్క కట్టినప్పుడు కూడా ఇలాగే అమరింది.

పైన చప్పుడయింది. మెషీన్ రూము తలుపు, ఆపైన ఇనప కడ్డీ, ఆపైన బ్రేకు వదిలిన చప్పుడు. "భయపడకండీ, చేత్తో దించుతున్నా!" అని పై నుంచి ఒక గొంతు లిఫ్టు గూట్లోకి దిగివచ్చింది. లిఫ్టు గుక్క గుక్కగా కిందికి జారింది, కాస్త దిగడం, ఆగడం, కాస్త దిగడం. పెద్దావిడ కళ్ళు మూసుకుంది. అతను ఆ గుక్కల్ని లెక్కపెట్టకుండా ఉండడానికి ప్రయత్నించాడు. నాలుగో అంతస్తులో తలుపు తీసింది కాపలావాడే. అతను ముందు దిగి, ఆమె రెండు చేతులూ పట్టుకుని లేపి బయటికి తెచ్చాడు. ఎంత తేలిగ్గా ఉందో మనిషి. మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ మెట్ల మీదుగా దిగి వచ్చాడు, ముసలివాడు, కోపంగా ఉన్నాడు. తలుపు చూశాడు, తాళం చూశాడు.

"ఎవరో తలుపు నెట్టారు," అన్నాడు. "ఊరికే తెగదు ఈ తాళం కనెక్షను. ఎవరు నెట్టారు? తాళం మార్చాలి, ఇవాళ్టికి లిఫ్టు బందు."

అతను కుడిచెయ్యి మళ్ళీ జేబులో దాచుకున్నాడు.

"నేనేరా," అంది పెద్దావిడ. "మోకాలు పట్టేస్తే ఆనుకున్నాను. ఏం, ఉరి తీస్తావా?"

మెకానిక్కు గొణుక్కుంటూ పనిలో పడ్డాడు. సారు ఆ ఖర్చు కూడా నీ లెక్కలోనే రాస్తాడు పిన్నీ అంటూ కాపలావాడు కిందికి పోయాడు. ఆమె గోడ పట్టుకుని నడిచి, పైకెళ్ళే మెట్లలో రెండో దాని మీద కూర్చుంది. ఆయాసం తీర్చుకుంది. అతను ఎదురుగా నిలబడ్డాడు, వెళ్ళడానికీ ఉండడానికీ చేతకాక.

"మా ఆయనా అంతే," అంది. "ఎక్కగానే తలుపు మీద చెయ్యేసేవాడు. కూతుర్ని తాకినట్టు తాకేవాడు. నువ్వు చెయ్యి వేసినప్పుడే తెలిసింది నాయనా, నువ్వెవరివో. కిటికీ అడిగినప్పుడు కాదు."

"అమ్మా, నేను..."

"పిల్లలెంతమంది?"

"ఒక పాప."

ఆమె తల ఊపింది. "ఇంకో అయిదంతస్తులు నా వల్ల కాదు. నువ్వెక్కుతావుగా. నేను చెబితే సారు వినడు, నేను చెప్పీ చెప్పీ అరిగిపోయాను ఆయనకి. వచ్చేవాడే నెల ఆగుతానంటే ఆయనకేం నొప్పి? చెప్పు. చొక్కాలు కూడా తీసుకుపో."

అతను చొక్కాలు తీసుకున్నాడు. ఎక్కాడు. ఎక్కుతూ ఎక్కుతూ మాటలు కూర్చుకున్నాడు, గది నెల తర్వాతైనా ఫరవాలేదండీ, పని మాత్రం రేపటినుంచే చేస్తాను, జనరేటరు పక్కన పడుకుంటాను, పిల్లా తల్లీ ఎక్కడో సర్దుకుంటారు. ఎక్కడో. ఆ ఎక్కడో దగ్గర ప్రతిసారీ కాలు తడబడింది. అది ఏ వీధిలో ఉందో, దానికి తలుపుందో లేదో, ఆ మాట దగ్గరికి వచ్చేసరికి పిచ్చుక గోడ మీది పటం చదవడం ఆపి తలతిప్పి చూస్తోంది. అయినా చెబుతాను అనుకున్నాడు. తన తప్పు ఆమె మోసింది, అడగకుండా మోసింది. చెబుతాను. ఆరో అంతస్తు దాటాక సిగ్నలు వచ్చి ఫోను గజగజ వణికింది, ఒకదాని వెంట ఒకటి, అందని కాల్స్ అన్నీ. తియ్యలేదు. తీస్తే ఏం చెబుతాడో తనకే తెలుసు.

మేనేజరు వెళ్ళిపోలేదు. లిఫ్టులో చిక్కుకున్నది మీరేనా అని నవ్వి, కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు. పంపు గురించి అడిగాడు, జనరేటరు గురించి అడిగాడు, జవాబులు సగం విన్నాడు. చొక్కాలు చూసి, ఆవిడిచ్చిందా అన్నాడు. చెడ్డాయనలా లేడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "చూడండి, పని మీదే. గది విషయంలోనే చిన్న ఇబ్బంది," అన్నాడు. "ఆ పెద్దావిడ ఇంకా అందులోనే ఉంది. నెల గడువడుగుతోంది. నిజం చెప్పాలంటే నాకూ ఆవిణ్ణి బయటికి పంపాలంటే మనసొప్పడం లేదు. మీరు నెల ఆగగలిగితే నాకు ఈ తలనొప్పి ఉండదు. గది మీకెప్పటికి కావాలి?"

అన్నీ అతని చేతికే ఇచ్చారు. ఆమె ఇచ్చింది, ఈయనా ఇచ్చాడు. ఒక్క మాట చాలు, అది నాలిక మీదే ఉంది, నెల, చిన్న మాట, దాని రుచి కూడా తెలుస్తోంది. నోరు తెరిచాడు. కిటికీ అవతల మేడలు కనిపిస్తున్నాయి, ఫోటోలో కన్నా దగ్గరగా, ఎన్నో, ఒక్కో దానిలో ఎన్నో గదులు, ఒక్కో గదిలో ఎవరో. జేబులో ఫోను మళ్ళీ వణికింది. ఈసారి అది ఆగలేదు.

"ఇవాళే కావాలండీ," అన్నాడు.

ఆ గొంతు తనదే. ఈసారి అనుమానం లేదు.

మేనేజరు కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. సరే అని, బల్ల మీది ఫోనెత్తి కాపలావాడితో మాట్లాడాడు, సాయంత్రానికల్లా సామాను బయట పెట్టించు, నెమ్మదిగా, గొడవ లేకుండా. పెట్టేసి, ఒక చొక్కా తీసి అతని భుజాలకి ఎదురుగా పట్టి, సరిపోతుంది అన్నాడు.

అతను బయటికొచ్చి మెట్ల మొదట్లో నిలబడ్డాడు. భార్యకి ఫోను చేశాడు. "కుదిరింది, రండి," అన్నాడు. అటువైపు ఆమె ఊపిరి వినిపించింది, పరుగెత్తి ఆగిన మనిషి ఊపిరి. పెట్టేశాడు. లిఫ్టు బందు. దిగడానికి ఈ మెట్లే. వేరే దారి ఉందేమోనని వరండా ఆ చివరిదాకా వెళ్ళి చూసి మరీ వచ్చాడు. లేదు. దిగడం మొదలుపెట్టాడు. అడుగుల చప్పుడు ఎంత తగ్గిద్దామన్నా గోడలు దాన్ని కిందికి చేరవేస్తూనే ఉన్నాయి. అయిదో అంతస్తు మలుపు తిరిగేసరికి ఆమె వీపు కనిపించింది, అదే మెట్టు మీద, మెట్టుకి నడుమ. కాపలావాడు వచ్చి చెప్పాడో ఇంకా రాలేదో ఆ వీపు చూస్తే తెలియలేదు. అతను ఆగాడు. ఆమె వెనక్కి తిరగలేదు, ఏమన్నాడని అడగలేదు. కొంగు దగ్గరికి లాక్కుని, గోడ వైపు ఒత్తిగిల్లి, అతను దిగడానికి దారిచ్చింది.